ఉగ్రవాద కేసు తీర్పుపై మంత్రి ప్రకటన ఎలా తయారు చేయాలి: పేషీల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

2018 ఏప్రిల్ 16న హైదరాబాద్ నాంపల్లిలోని ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ప్రత్యేక న్యాయస్థానం మక్కా మసీదు పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ జరిగిన ఆ పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. దాదాపు పదకొండేళ్ల తర్వాత వచ్చిన ఆ తీర్పును ఎవరూ పూర్తిగా చదవకముందే, సాయంత్రానికల్లా దేశమంతటా రాజకీయ నాయకుల వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. ఒక పక్షం అవతలి పక్షం క్షమాపణ చెప్పాలంది, మరో పక్షం న్యాయం జరగలేదంది. మసీదు ప్రాంగణంలో తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలకు అసలు కోర్టు ఏం చెప్పింది, ఎందుకు చెప్పింది, ఇకముందు ఏం జరుగుతుంది అన్న మూడు ప్రశ్నలకు మాత్రం ఆ రోజు ఎవరి నోటా సరైన జవాబు దొరకలేదు.

అలాంటి రోజున మంత్రి పేషీలో కూర్చుని ప్రకటన రాయవలసిన పీఆర్వోలు (ప్రజా సంబంధాల అధికారులు), ఓఎస్డీలు (ప్రత్యేక విధుల అధికారులు), వ్యక్తిగత కార్యదర్శుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఆ ప్రకటనను అందుకుని ఎదురు ప్రశ్న వేయవలసిన విలేకరులకు కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా ఒక విషయాన్ని మనసులో స్థిరపరచుకోవాలి. ఉగ్రవాద కేసులో ప్రభుత్వం ప్రేక్షక స్థానంలో ఉండదు, కక్షిదారు స్థానంలో ఉంటుంది. దర్యాప్తు చేసేది ప్రభుత్వ పోలీసులో, కేంద్రం ఆధ్వర్యంలోని ఎన్ఐఏనో. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం 45వ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చేది ప్రభుత్వం. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను నియమించేదీ, తీర్పు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లాలా వద్దా అని తేల్చేదీ ప్రభుత్వమే. అందువల్ల తీర్పు మీద మంత్రి అనే మాట సామాన్య పౌరుడి అభిప్రాయంలా చెలామణి కాదు. గెలిచిన లేదా ఓడిన కక్షిదారు మాటగానే లోకం దాన్ని వింటుంది. కక్షిదారుకు తీర్పు నచ్చకపోవడంలో తప్పేమీ లేదు, కానీ ఆ అసంతృప్తిని వ్యక్తం చేయడానికి చట్టం చూపించిన చోటు అప్పీలు పిటిషన్. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క విషయం నుంచి పుట్టినవే.

మొదటి మెట్టు: కేసు ఏ దశలో ఉందో కాగితం మీద రాసుకోండి

టీవీ గొట్టాలు మంత్రి ముందుకు రాకముందే అడ్వకేట్ జనరల్ కార్యాలయానికో, కేసు నడిపిన ప్రాసిక్యూటర్‌కో ఫోన్ చేసి, ఈ తీర్పు ఏ కోర్టుది, దీనిపై ఇంకా ఎన్ని కోర్టులు మిగిలి ఉన్నాయి, ఇదే కేసులో పరారీలో ఉన్నవారు, విడిగా విచారణ జరగవలసినవారు ఉన్నారా అని అడిగి తెలుసుకోవాలి. ఇది లాంఛనంగా తీసుకోవలసిన సమాచారం కాదు. కోర్టు ధిక్కార చట్టం (1971) 5వ సెక్షన్ న్యాయమైన వ్యాఖ్యకు రక్షణ ఇస్తుంది గాని, ఆ రక్షణ విచారణ పూర్తయి ‘తుదిగా తేలిన’ కేసులకే. అదే చట్టం 3వ సెక్షన్ వివరణ ప్రకారం అప్పీలుకు వీలున్న కేసు అప్పీలు తేలేదాకా, అప్పీలు వేయకపోతే దానికి ఇచ్చిన గడువు ముగిసేదాకా పెండింగ్‌లో ఉన్నట్టే లెక్క. ఎన్ఐఏ చట్టం 21వ సెక్షన్ అప్పీలుకు 30 రోజుల గడువు ఇచ్చింది. తగిన కారణం చూపితే హైకోర్టు దాన్ని 90 రోజుల వరకు అనుమతించవచ్చని ఆ సెక్షన్ పాఠం చెబుతుంది. అంటే ట్రయల్ కోర్టు తీర్పు చెప్పిన రోజున ‘కేసు ముగిసింది’ అనే మాట మంత్రి నోట వస్తే అది చట్టప్రకారం తప్పు.

దిల్‌సుఖ్‌నగర్ కేసును తీసుకోండి. పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న జరిగాయి. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష విధించింది. ట్రయల్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు చేయడానికి వీల్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 407వ సెక్షన్. తెలంగాణ హైకోర్టు ఆ శిక్షలను ఖరారు చేసింది 2025 ఏప్రిల్ 8న, అంటే ఎనిమిదేళ్లు దాటాక. ఆపైన సుప్రీంకోర్టు, పునఃసమీక్ష, క్షమాభిక్ష అనే దశలు ఉండనే ఉన్నాయి. పైగా ఆ కేసులో మొదటి నిందితుడు రియాజ్ భత్కల్ దొరకనే లేదు. రేపు అతణ్ని పట్టుకుని ఇదే కోర్టులో నిలబెడితే, ఈరోజు మంత్రి అన్న ప్రతి మాటనూ అతని న్యాయవాది తన వాదనకు వాడుకోవచ్చు.

హోం శాఖ చూసే మంత్రికి ఇక్కడ మరో ఇబ్బంది ఉంది. దోషి క్షమాభిక్ష కోరితే 72వ అధికరణం కింద రాష్ట్రపతికి సలహా ఇచ్చే ఫైలు కేంద్ర హోం శాఖ నుంచే వెళుతుంది. రాష్ట్రాల్లో 161వ అధికరణం కింద గవర్నర్‌కు సలహా ఇచ్చేది మంత్రివర్గం. తీర్పు వచ్చిన సాయంత్రమే ‘వీళ్లను వెంటనే ఉరితీయాలి’ అన్న మంత్రి, ఆ తర్వాత అదే వ్యక్తి దరఖాస్తును నిష్పాక్షికంగా పరిశీలించానని ఎలా చెప్పగలరు? ఉరిశిక్ష పడిన తీర్పుల రోజున ఈ ఒక్క వాక్యాన్ని మంత్రి నోటి దాకా రానివ్వకుండా ఆపగలిగితే పేషీ తన పని సగం చేసినట్టే.

రెండో మెట్టు: పూర్తి పాఠం అందేదాకా మూడు వాక్యాలు చాలు

కోర్టు హాల్లో న్యాయమూర్తి సాధారణంగా తీర్పు సారాంశాన్ని, ఎవరు దోషి, ఎవరు కాదు అన్న భాగాన్ని చదువుతారు. కారణాలు వందల పేజీల్లో ఉంటాయి, అవి చేతికి రావడానికి సమయం పడుతుంది. భారత్, పాకిస్తాన్ మధ్య నడిచిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైలు పేలుళ్ల కేసులో పంచ్‌కుల ప్రత్యేక కోర్టు 2019 మార్చి 20న నలుగురినీ నిర్దోషులుగా ప్రకటించగా, పూర్తి తీర్పు బయటికి వచ్చింది మార్చి 28న. ఆ ఎనిమిది రోజుల పాటు వినిపించిన వాదనలన్నీ కారణాలు తెలియకుండా చేసినవే. తీరా పాఠం వచ్చాక చూస్తే, నమ్మదగిన, చట్టం అంగీకరించే సాక్ష్యం లేక ఇంతటి హింసాకాండ శిక్ష లేకుండా మిగిలిపోతున్నందుకు న్యాయమూర్తే అందులో వేదన వ్యక్తం చేశారు. నిర్దోషులుగా వదిలిన తీర్పును ‘దర్యాప్తు కుట్ర అని రుజువైంది’ అని ఒకరూ, ‘కోర్టు కళ్లు మూసుకుంది’ అని ఒకరూ అనుకునే ముందు, చదవవలసింది ఆ పేజీలను.

అందువల్ల మొదటి గంటలో ఇవ్వవలసిన ప్రకటన ఇంతకు మించి ఉండనక్కర్లేదు:

‘ఫలానా కేసులో ప్రత్యేక న్యాయస్థానం ఈరోజు తీర్పు వెలువరించింది. తీర్పు పూర్తి పాఠం అందిన తర్వాత న్యాయ నిపుణులతో కలిసి అధ్యయనం చేసి, చట్టం ఇచ్చిన గడువులోగా తదుపరి చర్యపై నిర్ణయం తీసుకుంటాం. ఈ ఘటనలో ఆప్తులను కోల్పోయినవారికి, గాయపడినవారికి ప్రభుత్వం నుంచి అందవలసిన సహాయంలో ఎటువంటి లోపం రానివ్వం.’

ఇది చప్పగా ఉందని, టీవీలో నిలబడదని మంత్రి అనవచ్చు. ఆ అభ్యంతరం నిజమే కూడా. కానీ పూర్తి పాఠం చదివాక రెండో ప్రకటన ఇవ్వవచ్చునని, దానికి అప్పుడు బలం ఉంటుందని ఓపికగా వివరించాలి. మూడో వాక్యంలో హామీ ఇచ్చే ముందు మాత్రం, పరిహారం నిజంగా ఎంతమందికి అందింది, ఎవరికి పెండింగ్‌లో ఉంది అన్న జాబితాను జిల్లా కలెక్టర్ కార్యాలయం నుంచి తెప్పించుకోవాలి. జాబితా లేని హామీ బాధితులను మరోసారి గాయపరుస్తుంది.

మూడో మెట్టు: కేసులో మంత్రి సంతకం ఎక్కడైనా ఉందా?

చాలా పేషీలు ఈ ప్రశ్న వేసుకోవు. అక్షరధామ్ కేసు దీని ప్రాముఖ్యాన్ని చూపిస్తుంది. 2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని ఆ ఆలయంపై దాడి జరిగింది. కింది కోర్టు ఆరుగురిని దోషులుగా తేల్చి, అందులో ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. గుజరాత్ హైకోర్టు ఆ శిక్షలను సమర్థించింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడిచిపెడుతూ, అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం (పోటా) కింద ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రాష్ట్ర హోం మంత్రి స్థానంలో ఉన్నవారు విషయాన్ని స్వతంత్రంగా పరిశీలించలేదని తప్పుపట్టింది. అంటే తీర్పు చెప్పింది నిందితుల గురించి మాత్రమే కాదు, మంత్రి స్థానం చేసిన పని గురించి కూడా. అటువంటి తీర్పుపై అదే పదవిలో ఉన్నవారు మాట్లాడితే అది తమ పనిని తామే సమర్థించుకోవడం అవుతుంది. తీర్పులో అనుమతి ఉత్తర్వుల ప్రస్తావన ఎక్కడుందో ముందుగా వెతికి, ఉంటే దాని ప్రతిని మంత్రి బల్ల మీద పెట్టండి. అనుమతి ఇచ్చింది మునుపటి ప్రభుత్వమైనా సరే, పదవి ఒకటే కనుక జాగ్రత్త ఒకటే.

దీనితో పాటే ఎవరు మాట్లాడాలో కూడా తేల్చుకోవాలి. ఎన్ఐఏ కేసైతే అప్పీలు నిర్ణయం కేంద్రానిది. రాష్ట్ర మంత్రి ‘మేం అప్పీలుకు వెళ్తాం’ అని చెబితే అది తన చేతిలో లేని దానికి మాట ఇవ్వడమే. మంత్రివర్గంలో ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవారు ఆ ప్రకటననే చూపించాలి. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, సమష్టి బాధ్యత సూత్రం పేరుతో మంత్రి వ్యక్తిగత వ్యాఖ్యను ప్రభుత్వానికి అంటగట్టలేమని మెజారిటీ నిర్ణయంగా చెప్పింది. ఆ తీర్పును చూసి కొందరు సలహాదారులు ‘అయితే మంత్రి ఏమన్నా ప్రభుత్వానికి నష్టం లేదు’ అనుకుంటున్నారు. నేను దాన్ని అలా చదవను. ప్రభుత్వాన్ని అంటని మాట మంత్రి ఒంటిమీదే మిగులుతుంది, ధిక్కార నోటీసు వస్తే అది నేరుగా ఆయన పేరునే వస్తుంది.

నాలుగో మెట్టు: మాటల ఎంపిక

ఇదే అన్నిటికన్నా కష్టమైన పని, అందుకే దీనికి ఎక్కువ సమయం కేటాయించాలి.

తీర్పును విమర్శించడం వేరు, తీర్పు చెప్పినవారికి దురుద్దేశం అంటగట్టడం వేరు. మన దేశంలో ఈ గీత ఎక్కడుందో రెండు కేసులు చూపిస్తాయి. 1967 నవంబరులో కేరళ ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ విలేకరుల సమావేశంలో, న్యాయమూర్తులు వర్గ ద్వేషంతో, వర్గ ప్రయోజనాలతో నడుస్తారనే అర్థంలో మాట్లాడారు. కేరళ హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా వేయగా, 1970లో సుప్రీంకోర్టు నేరాన్ని నిలబెట్టి జరిమానాను 50 రూపాయలకు తగ్గించింది. మరొకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. 1987 నవంబరులో న్యాయవాదుల సభలో అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్, స్వయంగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి, సుప్రీంకోర్టు సంపన్నుల పక్షం వహిస్తోందని, సంఘ వ్యతిరేక శక్తులకు ఆశ్రయంగా మారిందని చాలా ఘాటుగా మాట్లాడారు. 1988లో సుప్రీంకోర్టు దాన్ని ధిక్కారంగా పరిగణించలేదు; ఒక వ్యవస్థ తీరుపై చేసిన విశ్లేషణగా దాన్ని చూస్తూనే, ఆ స్థానంలో ఉన్న వ్యక్తి భాషలో మరింత సంయమనం ఉండవలసిందని సూచించింది. వ్యవస్థ గురించి చేసిన చర్చకు న్యాయస్థానాలు చోటిస్తాయనీ, పెండింగ్‌లో ఉన్న ఒక కేసు పట్టుకుని దాన్ని విచారిస్తున్నవారి బుద్ధిని శంకిస్తే మాత్రం ఆ చోటు బాగా ఇరుకవుతుందనీ ఈ రెండింటి నుంచి నేను గ్రహించాను.

ఆ ఇరుకు ఎంతటిదో తెలియాలంటే ఆస్ట్రేలియాలో 2017లో జరిగినది చూడాలి. విక్టోరియా రాష్ట్ర అప్పీలు కోర్టు రెండు ఉగ్రవాద కేసుల్లో, శిక్షలు చాలవంటూ ప్రాసిక్యూషన్ వేసిన అప్పీళ్లను విని, తీర్పును తర్వాత చెబుతామని రిజర్వు చేసింది. అందులో ఒకటి అక్కడ అమర సైనికులను స్మరించుకునే ఆంజాక్ దినోత్సవం నాడు దాడికి పథకం వేసిన యువకుడి కేసు. తీర్పు రాకముందే, జూన్ 13న, ముగ్గురు ఫెడరల్ మంత్రులు గ్రెగ్ హంట్, అలన్ టజ్, మైకేల్ సుకర్ ఒక జాతీయ పత్రికకు ఇచ్చిన వ్యాఖ్యలు అచ్చయ్యాయి. కోర్టులు సిద్ధాంత ప్రయోగాలకు వేదికలు కాకూడదని ఒకరు, న్యాయమూర్తులు వామపక్ష కార్యకర్తల్లా ప్రవర్తిస్తున్నారన్న అర్థంలో మరొకరు మాట్లాడారు. ప్రధాన న్యాయమూర్తి మెరిలిన్ వారెన్ నాయకత్వంలోని ధర్మాసనం, మీపై ధిక్కారానికి ఎందుకు సిఫారసు చేయకూడదో చెప్పమని వారిని అడిగింది.

ఆ ముగ్గురూ చేసిన తప్పు కఠినంగా మాట్లాడటం ఒక్కటే అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. వారు కోర్టును ఎటూ కదలలేని స్థితిలోకి నెట్టారు. శిక్ష పెంచితే మంత్రులకు తలొగ్గారని నిందితుడి పక్షం అనవచ్చు, పెంచకపోతే మంత్రుల మీద కోపంతో పెంచలేదని ప్రజలు అనుకోవచ్చు. తమ ప్రాసిక్యూటర్లు ఎంతో శ్రమపడి గెలుచుకోబోతున్న తీర్పు మీద ఆ మంత్రులే మచ్చ పడేలా చేశారు. చివరికి కోర్టు ఒక శిక్షను 10 ఏళ్ల నుంచి 14కు, మరొకదాన్ని 7 నుంచి 11కు పెంచింది. అంటే నోరు మెదపకుండా ఉన్నా వారు కోరిన ఫలితమే వచ్చి ఉండేది.

ఇక మతం, ప్రాంతం, పార్టీ పేర్లు. ఇక్కడ నేను ఒక పరీక్ష పెడతాను: రాసిన వాక్యంలో నిందితుల పేర్లు తీసేసి, వేరే మతానికి చెందిన పేర్లు పెట్టి మళ్లీ చదవండి. అప్పుడు కూడా మంత్రి ఆ వాక్యం పలకడానికి సిద్ధంగా ఉంటేనే అది ప్రకటనలో ఉండాలి. 2025 జూలైలో మహారాష్ట్రలో పది రోజుల తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. జూలై 21న బొంబాయి హైకోర్టు 2006 నాటి ముంబై లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో 12 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది; ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ అది దిగ్భ్రాంతికరమని, సుప్రీంకోర్టుకు వెళ్తామని అన్నారు. జూలై 31న ప్రత్యేక కోర్టు 2008 మాలేగావ్ పేలుడు కేసులో ఏడుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఉగ్రవాదం కాషాయం ఎన్నడూ కాదు, కాబోదు అన్న భావంతో ఆయన స్పందించారు. మొదటి దానిలో రాష్ట్రం స్వయంగా కక్షిదారు, రెండో దానిలో ప్రాసిక్యూషన్ ఎన్ఐఏది, కనుక రెండు ప్రకటనలూ అచ్చంగా ఒకేలా ఉండాలని నేను అనను. కానీ రెండు కేసుల్లోనూ మనుషులు చనిపోయారు, రెంటిలోనూ చంపినవారెవరో తేలలేదు. ఆ లోటు ఒకచోట దిగ్భ్రాంతి, మరోచోట సమర్థన అయినప్పుడు రెండో కేసు బాధితులకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించక తప్పదు. ఈ పొరపాటు ఒక్క పార్టీకి పరిమితం కాదు. 2010లో అప్పటి కేంద్ర హోం మంత్రి చిదంబరం, 2013 జనవరిలో ఆ తర్వాతి హోం మంత్రి సుశీల్‌కుమార్ షిండే, విచారణలు ఇంకా సాగుతుండగానే ఉగ్రవాదానికి ఒక రంగు పేరు పెట్టి మాట్లాడారు. షిండే ఫిబ్రవరిలో విచారం వ్యక్తం చేయవలసి వచ్చింది.

తెలుగు ప్రతి రాసేటప్పుడు మరికొంత శ్రద్ధ కావాలి. తీర్పుకు ముందు ‘నిందితుడు’, దోషిగా తేలాక ‘దోషి’. ఈ రెంటి మధ్య ‘ఉగ్రవాది’ అన్న మాటను పేరుకు ముందు తగిలించకూడదు. ‘నిర్దోషిగా ప్రకటించింది’ అనే చోట ‘తప్పించుకున్నారు’, ‘బయటపడ్డారు’ వంటి క్రియలు వాడితే వాక్యం పైకి వార్తలా ఉన్నా లోపల తీర్పును కొట్టేస్తుంది. అలాగే ‘కేసు కొట్టివేత’ అంటే వేరు, పూర్తి విచారణ తర్వాత నిర్దోషులుగా విడుదల చేయడం వేరు. సాక్ష్యం చాలదని వదిలారా, నేరంతో సంబంధమే లేదని వదిలారా అన్నది తీర్పులో ఎలా ఉంటే అలాగే రాయాలి. ఒక కేసులో వచ్చిన నిర్ణయాన్ని మరో కేసుకు అతికించకూడదు కూడా. మక్కా మసీదు కేసులో నిర్దోషిగా విడుదలైన దేవేందర్ గుప్తా అంతకుముందే, 2017లో, అజ్మీర్ దర్గా పేలుడు కేసులో దోషిగా తేలారు. ఒక్క తీర్పు చేతబట్టుకుని ‘వీళ్లంతా’ అని మొదలయ్యే ఏ వాక్యమైనా ఇలాంటి చోట తడబడుతుంది.

ఐదో మెట్టు: మిశ్రమ తీర్పు వచ్చినప్పుడు

ఎక్కువ కేసుల్లో కొందరు దోషులుగా తేలుతారు, కొందరు విడుదలవుతారు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ల కేసులో 2018 సెప్టెంబరు 4న కోర్టు ఇద్దరిని దోషులుగా, ఇద్దరిని నిర్దోషులుగా తేల్చింది. ఆ తర్వాత దోషులిద్దరికీ ఉరిశిక్ష, ఆశ్రయమిచ్చినందుకు తర్వాత దోషిగా తేలిన మరొకరికి యావజ్జీవం విధించింది. ముంబై 26/11 కేసులో కసబ్‌కు ఉరిశిక్ష పడిన 2010 నాటి తీర్పులోనే ఇద్దరు భారతీయులు నిర్దోషులుగా విడుదలయ్యారు, 2012లో సుప్రీంకోర్టు రెండు నిర్ణయాలనూ సమర్థించింది. మంత్రి ప్రకటన మాత్రం దాదాపు ఎప్పుడూ మొదటి సగాన్నే ప్రస్తావిస్తుంది. ‘న్యాయస్థానం సాక్ష్యాలను పరిశీలించి ఇద్దరిని దోషులుగా, ఇద్దరిని నిర్దోషులుగా తేల్చింది. రెండు నిర్ణయాలనూ గౌరవిస్తున్నాం. ఉరిశిక్షలు హైకోర్టు ధ్రువీకరణకు లోబడి ఉంటాయి’ అని రాస్తే, శిక్ష వేసిన తీర్పుకే మరింత విశ్వాసం వస్తుంది. ఇద్దరిని వదిలిన కోర్టు మిగతా ఇద్దరిని ఊరికే శిక్షించలేదని వినేవారికి తెలుస్తుంది.

నిర్దోషులుగా విడుదలైనవారి గురించి ఒక్క మాటైనా ఉండాలని నేను పట్టుబడతాను. అక్షరధామ్ కేసులో కొందరు దాదాపు పదకొండేళ్లు, ముంబై రైళ్ల కేసులో పలువురు పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు జైల్లో గడిపారు. ముంబై కేసులో 2025 జూలై 24న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును ఇతర కేసుల్లో పూర్వ ప్రమాణంగా వాడకూడదని ఆదేశించినా, విడుదలైనవారు తిరిగి జైలుకు వెళ్లనక్కర్లేదని స్పష్టంగా చెప్పింది. అప్పీలు వేసే ప్రభుత్వం కూడా వారి భద్రతకు హామీ ఇవ్వగలదు: ‘చట్టప్రకారం అప్పీలు చేస్తున్నాం. అది తేలేదాకా విడుదలైనవారి స్వేచ్ఛకు, భద్రతకు భంగం కలగనివ్వం’ అన్న రెండు వాక్యాలు వారి వీధిలో, వారి పిల్లల బడిలో ఎంత తేడా తెస్తాయో అంచనా వేయడం కష్టం కాదు.

ఆరో మెట్టు: మైకు కంటే ముందు ఫోన్

ప్రకటన విడుదలయ్యే ముందు మృతుల కుటుంబాలకు, తీవ్రంగా గాయపడినవారికి జిల్లా యంత్రాంగం నుంచి ఒక ఫోన్ వెళ్లాలి. తీర్పు ఏమిటి, అప్పీలు అవకాశం ఏమిటి, ఎవరిని అడగాలి అన్న మూడే విషయాలు, వారి భాషలో, నిదానంగా చెప్పాలి. వారి పేర్లను మంత్రి ప్రసంగంలో వాడాలంటే అనుమతి అడగాలి.

ఏడో మెట్టు: సభలో మాట్లాడవలసి వస్తే

సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు విధి నిర్వహణలో చేసిన పనిపై పార్లమెంటులో చర్చించడాన్ని రాజ్యాంగం 121వ అధికరణం, శాసనసభల్లో చర్చించడాన్ని 211వ అధికరణం నిషేధిస్తాయి. సభలో మాటకు కోర్టు విచారణ నుంచి రక్షణ ఉందనే ధీమాతో సభలో అన్న వాక్యాన్ని బయట మెట్ల మీద టీవీ బైట్‌గా మళ్లీ చెప్పవద్దని మంత్రికి ముందే గుర్తు చేయాలి. ఆ రక్షణ గుమ్మం దాటి రాదు.

ఎనిమిదో మెట్టు: మాట జారిన తర్వాత

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. అయినా త్వరగా, పూర్తిగా దిద్దుకుంటే నష్టం తగ్గుతుంది. విక్టోరియాలో ఆ ముగ్గురు మంత్రులు జూన్ 16న తమ సొలిసిటర్ జనరల్ ద్వారా విచారం మాత్రం వ్యక్తం చేశారు, క్షమాపణ చెప్పలేదు. కోర్టు సంతృప్తి చెందలేదు. వారం తర్వాత, జూన్ 23న, బేషరతు క్షమాపణ చెప్పి, మాటలు వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ లేకపోయి ఉంటే విషయాన్ని ప్రాసిక్యూషన్‌కు పంపేవారమని చెబుతూ కోర్టు దాన్ని అంగీకరించింది. ఆ ఏడు రోజుల ఆలస్యంలో వారి పార్లమెంటు సభ్యత్వాలు, ఒక్క సీటు మెజారిటీతో నడుస్తున్న ప్రభుత్వం కూడా ప్రమాదంలో పడ్డాయి.

మన దగ్గర ఇది ఉగ్రవాద కేసు కాకపోయినా పాఠం దగ్గరిదే: 2024 ఆగస్టులో కల్వకుంట్ల కవితకు వచ్చిన బెయిల్‌పై ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేసిన వ్యాఖ్యలను సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. మర్నాడే ఆయన బేషరతుగా విచారం వ్యక్తం చేశారు. మన ధిక్కార చట్టం 12వ సెక్షన్ ఆరు నెలల వరకు సాధారణ జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా పెట్టినా, కోర్టుకు తృప్తి కలిగేలా క్షమాపణ చెబితే శిక్ష ఎత్తివేయవచ్చు; నిజాయతీగా చెప్పిన క్షమాపణకు షరతు ఉందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని కూడా ఆ సెక్షన్ వివరణలో ఉంది. అయినా షరతు వద్దు. ‘నా మాటలను వక్రీకరించారు’ అన్న వాక్యంతో మొదలైన క్షమాపణ చిత్తుప్రతిని చించేసి మళ్లీ రాయండి. ఏ మాట అన్నారో, ఎప్పుడు అన్నారో, దాన్ని వెనక్కి తీసుకుంటున్నారని సూటిగా ఉండాలి. మొదటి వ్యాఖ్య ఏ వేదికల మీద ప్రచారమైందో క్షమాపణ కూడా ఆ వేదికలన్నిటి మీదా రావాలి. పాత పోస్టును తొలగిస్తే, తొలగించామని చెప్పాలి.

చివరి పని: ఫైలు

తీర్పు ప్రతి, అడ్వకేట్ జనరల్ కార్యాలయం అభిప్రాయం, మొదటి ప్రకటన, పూర్తి పాఠం చదివాక ఇచ్చిన రెండో ప్రకటన, అప్పీలు గడువు తేదీ, బాధితుల జాబితా, వారికి ఫోన్ చేసిన తేదీలు, ఇవన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. చిత్తుప్రతిలో కొట్టేసిన వాక్యాలను, ఎందుకు కొట్టేశామో పక్కన ఒక్క పంక్తి రాసి, అలాగే ఉండనివ్వండి. దిల్‌సుఖ్‌నగర్ తీర్పు ప్రత్యేక కోర్టు నుంచి హైకోర్టులో ఖరారయ్యేసరికి రాష్ట్రంలో ప్రభుత్వమే మారిపోయింది. తర్వాతి తీర్పు వచ్చే ఉదయం ఈ కుర్చీలో వేరొకరు ఉంటారు, గొట్టాలు వచ్చేలోగా వారికి దొరికేది ఒక్క గంట. మీ ఫైలు ఆ గంటలో చదవగలిగినంత చిన్నదిగా, చదివితే కేసు పూర్తిగా తెలిసేంత వివరంగా ఉండాలి.